మా బావి ఉప్పెక్కిన కథ

"నువ్వు భూగర్భశాస్త్రం చదువుతున్నావు గదా, ఏదైనా శాస్త్రీయంగా వ్రాసివ్వరా" అన్నాడు సంచిక పని చూస్తున్న మిత్రుడు. శాస్త్రం వ్రాయడానికి ఆచార్యులవారున్నారు. నాకు బాగా తెలిసిన శాస్త్రమంతా మా పెరట్లో మూడడుగుల వెడల్పు బావిలో ఉంది. దాని అడుగున నా తప్పు కూడా ఒకటి ఉంది. ఈ సంచిక పేరు చెప్పి దాన్నే పైకి తోడుతున్నాను.

బాపట్ల, చీరాల ప్రాంతంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్టణం మాది. పేరు వ్రాస్తే నాన్న ఊరుకోరు. అక్కడ నేలంతా ఇసుక. ఎక్కడ చెలమ తీసినా నీళ్ళూరుతాయి. రైతులు పొలాల్లో దొరువులు త్రవ్వుకుని, అందులోకి దిగి, కుండలతో ముంచి నారుమళ్ళకూ కూరపాదులకూ పోసేవారు. ఊళ్ళోకి కుళాయిలు వచ్చిన తర్వాత పెరటి బావులు ఒక్కొక్కటే పూడిపోయాయి. కృష్ణ కాలువ నీళ్ళను చెరువులో నిలవచేసి, వడగట్టి, ట్యాంకుకెక్కించి వదులుతారు. మా వీధికి పొద్దున్నే గంటసేపు వచ్చేవి.

మాది వీధి చివరి ఇల్లు. 2018 ఎండాకాలంలో పక్కింటి మామయ్యగారు (చుట్టం కాదు, పిలుపు అంతే) కుళాయి గొట్టానికి మోటారు బిగించారు. అవతల అది గుర్రుమనేసరికి ఇవతల మా కుళాయి ఉస్సురనేది. అమ్మ రెండు బిందెలు పెట్టుకుని కూర్చుంటే ఒకటి సగమయ్యేది. నాన్న గోడ దగ్గరకు వెళ్ళి అడిగారు. "మీరూ బిగించుకోండి మాస్టారూ, ఎవరొద్దన్నారు?" అన్నారాయన.

నాన్న బడిపంతులు. వీధికంతటికీ వచ్చే నీళ్ళను ఒకడు పీల్చుకోవడం దొంగతనమేనని క్లాసులో చెప్పే మనిషి. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "మనకు ఆ కుళాయే వద్దు. మన నేల, మన బావి, మన నీళ్ళు. ఎవరి ముందూ నోరు తెరవక్కర్లేదు" అన్నారు. ఆ వారంలోనే కుళాయి తీసేయమని అర్జీ పెట్టారు.

వరలు దించే మేస్త్రీ వచ్చాడు. మరుగుదొడ్డి గుంటకు యాభై అడుగుల దూరం కొలిచి ముగ్గు వేశాడు. సిమెంటు వర నేలమీద పెట్టి, తాను అందులో కూర్చుని ఇసుక తోడుతూ ఉంటే వర తన బరువుకు తానే దిగుతుంది. దాని మీద ఇంకొకటి, ఆ మీద మరొకటి. అలా పన్నెండు అడుగులు. ఏడో అడుగున తడి కనిపించింది. మూడో రోజుకు ఐదడుగుల నీళ్ళు నిలిచాయి. లెక్క వేస్తే వెయ్యి లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు. ఆ తూకం వేసే ఉద్యోగం నాకిచ్చారు. మొదటి చేద నాయనమ్మ చేత తోడించాం. ఆవిడ దోసిలి పట్టి తాగి, "కొబ్బరినీళ్ళల్లే ఉన్నయ్ రా" అంది.

మూడేళ్ళు మా ఇల్లు వీధికి పెద్దిల్లయింది. ఆ నీళ్ళతో పప్పు మెత్తగా ఉడుకుతుందని పక్కింటి అత్తయ్య కూడా చాటుగా చెంబు పట్టుకొచ్చేది. నాన్న చూసీ చూడనట్లు పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆ పేపరు చాటున ఆయన ముఖంలో ఎంత వెలుగుండేదో నాకు తెలుసు.

ఇక నా సంగతి. 2021లో నాకు స్కాలర్‌షిప్ డబ్బు వచ్చింది. అమ్మ అరచేతులు చాంతాడు లాగి లాగి కాయలు కాశాయి. ఆ డబ్బుతో అర హార్స్‌పవర్ మోటారు కొని, డాబా మీద ట్యాంకు పెట్టించాను. జీవితంలో మొదటిసారి ప్రయోజకుణ్ణి అయ్యాననుకున్నాను. నాయనమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని, "చెలమ నీళ్ళు దోసిట్లో తాగాలి గానీ పీక్కుతాగకూడదురా" అంది. నేను నవ్వాను. సైన్సు చదివేవాడికి నాయనమ్మ మాటలు నవ్వుగానే ఉంటాయి.

మీట నొక్కితే నీళ్ళొచ్చేటప్పుడు ఎవరు లెక్కపెడతారు? బిందెల లెక్క పోయి ట్యాంకుల లెక్క వచ్చింది. అది పొర్లి తూము గుండా వీధిలోకి పోతే "నిండిందర్రా!" అని సంతోషించేవాళ్ళం. మమ్మల్ని చూసి ఎదురింటివాళ్ళు వరలు దించారు, వెనకింటివాళ్ళు దించారు. అందరివీ మోటార్లే.

2024 మే నెలలో ఒక పొద్దున నాన్న టీ నోట్లో పోసుకుని, "పంచదార డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీశావా?" అన్నారు. అమ్మ ఏ డబ్బా తీసిందో చూపించింది. తర్వాత పప్పు ఉడకడం మానేసింది. జూన్‌లో నేనొక సీసాలో ఆ నీళ్ళు నింపుకుని కాలేజీకి తెచ్చాను. లాబొరేటరీలో సిల్వర్ నైట్రేటు చుక్కచుక్కగా వదులుతూ ఇటుక రంగు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. అది ఎంతకీ రాదే! లెక్క తేలేసరికి లీటరుకు 1120 మిల్లీగ్రాముల క్లోరైడు. త్రాగే నీటిలో 250 దాటకూడదు. వేరే గతి లేనప్పుడు 1000 దాకా ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. మా బావి ఆ గతిలేని గీతను కూడా దాటింది.

మా మాస్టారు బోర్డు మీద బొమ్మ గీశారు. తీరంలోని ఇసుకలో వాన నీరు ఇంకి, ఉప్పునీటి మీద తెట్టులా తేలి ఉంటుంది. సముద్రపు నీరు నూటికి రెండున్నర పాళ్ళు ఎక్కువ బరువు. అందుకే అది క్రింద, ఇది పైన. గైబెన్ అనే డచ్చివాడూ, హెర్జ్‌బర్గ్ అనే జర్మనువాడూ కట్టిన లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరుంటే, క్రింద సుమారు నలభై అడుగుల మంచినీరు నిలబడుతుంది. అంటే పైన ఒక అడుగు తరిగితే క్రింద ఉప్పు నలభై అడుగులు లేవడానికి చూస్తుంది. చేదతో తోడినప్పుడు ఊట నిదానంగా సర్దుకుంటుంది. మోటారుతో గబగబ పీలిస్తే సరిగ్గా బావి క్రిందనే ఉప్పునీరు పుట్టలా పైకి లేస్తుంది.

ఆ బొమ్మ చూస్తూ నేను నాయనమ్మ దోసిలిని తలచుకున్నాను. ఆ తర్వాత మామయ్యగారి మోటారు గుర్తొచ్చి తల వంచుకున్నాను. ఆయన కుళాయి గొట్టం మీద చేసిన పనే నేను నేల మీద చేశాను. తేడా ఒక్కటే. గొట్టం అందరిదని కంటికి కనబడింది. ఇసుక క్రింద నీళ్ళూ అందరివేనని కనబడలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఎవరి నేల క్రింది నీళ్ళను వారు తోడుకునే హక్కును గుర్తించింది. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం బావులను నమోదు చేయించమంది. చట్టాలు ఏమన్నా నీళ్ళకు మా ప్రహరీగోడ సంగతి తెలియదు.

సెలవుల్లో ఇంటికి వెళ్ళేసరికి అమ్మ బిందె చంకన పెట్టుకుని పక్కింటి గేటు ముందు నిలబడి ఉంది. మాకు కుళాయి లేదు గదా! ఆరేళ్ళుగా ఆ గేటు దాటని మనిషి. అత్తయ్య "అక్కడే నిలబడ్డావేం వదినా, లోపలికి రా" అని బిందె అందుకుంది. వాళ్ళ కుళాయికి మోటారు లేదు. వీధిలో ఇంటింటా బిగించాక ఎవరికీ చుక్క రాకుండా పోయిందట. ముందుగా విప్పింది మామయ్యగారేనట.

ఆ రాత్రి నేను నాన్నకు బోర్డు మీది బొమ్మంతా పలక మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే నేనూ దొంగనేనన్నమాట" అన్నారు. "మీరు కాదు నాన్నా, మోటారు తెచ్చింది నేను" అన్నాను. మర్నాడు మోటారు అటకెక్కింది. డాబా మీది వాన నీళ్ళను గొట్టంతో దింపి, బావి పక్కన ఇసుక గుంటలోకి మళ్ళించాం. నాన్న మళ్ళీ కుళాయికి అర్జీ వ్రాశారు. దాని మీద సంతకం చేసేటప్పుడు పక్కనే నిలబడి కలం మూత పట్టుకున్నది మామయ్యగారే.

మరుసటి సంక్రాంతికి సీసా నింపి తెచ్చి చూస్తే 640 వచ్చింది. నాయనమ్మ రుచి చూసి "ఇంకా కొబ్బరినీళ్ళు కాలేదు" అంది. ఎదురింటి మోటార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి మరి. నాన్న రోజుకొకరింటికి పలక పట్టుకుని వెళుతున్నారు.

హాస్టల్లో కుళాయి కారుతూ ఉంటే నేను అర్ధరాత్రి లేచి వెళ్ళి కట్టేసి వస్తాను. గది మిత్రులు నవ్వుతారు. నాకు కోపం రాదు. చెలమ మాట విని నేను నవ్విన నవ్వు కూడా సరిగ్గా అలాగే ఉండేది.