రౌతు పడినా... గుర్రం గెలిస్తే చాలు!

రౌతు కింద పడిపోయాడు. గుర్రం ఒక్కటే పరుగెత్తి అందరికంటే ముందు గీత దాటింది. ఇంకెక్కడైనా అయితే దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఇటలీలోని సియెనాలో మాత్రం విజేత అదే! రెమోరెక్స్ అనే గుర్రం అలా రెండుసార్లు గెలిచింది. 2018 అక్టోబరులో తాబేలు పేటకీ, 2019 ఆగస్టులో అడవి పేటకీ.

తాబేలు పేటేంటీ అంటారా? ఫ్లోరెన్స్ నుంచి బస్సులో గంటంబావు వెళ్తే కొండమీద ఇటుక రంగు ఇళ్లతో కనిపించే పాత ఊరు సియెనా. అందులో 17 పేటలు. పెద్దబాతు, నత్త, తోడేలు, ముళ్లపంది... ఒక్కోదానికి ఒక్కో గుర్తు, జెండా, చర్చి, మ్యూజియం. 1729లో గీసిన సరిహద్దులే ఇప్పటికీ చెల్లుతున్నాయి. ఏటా జులై 2న, ఆగస్టు 16న ఊరి నడిబొడ్డున పియాజ్జా డెల్ కాంపో చుట్టూ రాతినేల మీద మట్టి పరిచి గుర్రప్పందెం పెడతారు. అదే పాలియో. ఒక్కో పందెంలో పది పేటలకే చోటు. మూడు చుట్లు, నిమిషంన్నరలో ముగిసిపోతుంది.

ఆ నిమిషంన్నర కోసం నడిచే మంత్రాంగం మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. ఎందుకంటే మంచి గుర్రాన్ని కొని తెచ్చుకోవడం కుదరదు, చీటీలు తీసి పంచుతారు. బలహీనమైన గుర్రం వస్తే అదే రాత. అప్పుడిక చేయాల్సిందేంటి? శత్రుపేట గెలవకుండా చూడటం! ముళ్లపందికి తోడేలంటే పడదు, తాబేలుకి నత్త అంటే పడదు. తమకు ఒక కన్ను పోయినా పొరుగువాడికి రెండూ పోవాలన్న కథ ఇక్కడ అక్షరాలా నిజం. చివరి స్థానం వచ్చినా సర్దుకుంటారు కానీ రెండోస్థానమంటే తలవంపులు. గెలుపు చేతిదాకా వచ్చి జారిపోయినట్టు కదా మరి!

మిగతాచోట్ల ఫిక్సింగ్ అనే పనికి ఇక్కడ 'పార్తీతి' అని పేరు. 'మేం గెలిస్తే మీకింత' అని పేటల పెద్దలు రహస్యంగా బేరాలాడుకుంటారు. అది తప్పుకాదు, ఆటలో భాగమే. గెలిచిన పేట ఒప్పుకున్న సొమ్మంతా చెల్లించాలి. బహుమతిగా దక్కేది బొమ్మ వేసిన ఓ పట్టుజెండా. అంటే... గెలిచినవాళ్ల జేబే ఖాళీ!

అసలు నాటకం మొదలయ్యేది తాళ్ల దగ్గర. తొమ్మిది గుర్రాలు రెండు తాళ్ల మధ్య నిలబడతాయి. పదోది వెనకాల ఉంటుంది. అది ఎప్పుడు ముందుకురికితే అప్పుడే పందెం మొదలు. శత్రువుకి చోటు సరిగా దొరకని క్షణం కోసం ఆ రౌతు ఎదురుచూస్తాడు. మిగతావాళ్లు అతనితో గుసగుసలాడుతుంటారు. ఒక్కోసారి గంట దాటినా కదలడు. చీకటిపడితే పందెం మర్నాటికి వాయిదా. తాడు పడ్డాక ఇక దాక్షిణ్యాల్లేవు. జీను ఉండదు. ఎద్దు నరంతో చేసిన కొరడాతో పక్క రౌతునీ బాదొచ్చు. మలుపుల్లో గోడలకి పరుపులు కట్టేది ఊరికే కాదు.

ఆ పరుపులు అన్నిసార్లూ కాపాడవు. రెమోరెక్స్ గెలిచిన 2018 పందెంలోనే గాయపడిన మరో గుర్రాన్ని చంపేయాల్సి వచ్చింది. జంతుప్రేమికులు ఏళ్ల తరబడి పాలియోని ఆపేయమంటున్నారు. సియెనావాసులకు ఆ మాట వింటేనే కోపం. మా గుర్రాన్ని మాకన్నా ప్రేమించేవాళ్లెవరంటారు. రెండువైపులా నిజం ఉంది కాబట్టే ఆ వాదన తెగడంలేదు.

చాలాకాలంగా గెలవని పేటని 'నోన్నా' అని ఆటపట్టిస్తారు. అంటే అమ్మమ్మ అని. 1989 తర్వాత గెలుపు మొహం చూడని తోడేలు పేట ఏళ్ల తరబడి ఆ మాట పడింది. చివరికి 2016 జులైలో గెలిచింది. ఆగస్టులో మళ్లీ గెలిచింది! ఇరవయ్యేడేళ్ల లోటు ఒక్క వేసవిలో తీరిపోయింది.

పందెం రోజు మధ్యాహ్నం గుర్రాన్ని పేట చర్చిలోకి తీసుకెళ్తారు. పూజారి దీవించి, గెలిచి రమ్మని పంపిస్తాడు. ఆ సమయంలో గుర్రం లోపల పేడ వేస్తే శుభశకునమని సంబరపడతారు. గెలిస్తే కొన్ని వారాల తర్వాత వీధి పొడవునా బల్లలు వేసి పేటంతా విందు చేసుకుంటుంది. అక్కడ ముఖ్య అతిథి గుర్రమే. దానికీ ప్రత్యేకంగా వడ్డిస్తారు.