కుడి భుజం... అర అంగుళం

గోల్ఫ్ ఆడుతున్నానంటే మా సిద్దిపేటలో ఇప్పటికీ నవ్వుతారు. "కోమటిచెరువు కట్ట మీద నాలుగు రౌండ్లు కొట్టరాదురా, గంతకంటె ఏం గావాలె?" అని చిన్ననాటి దోస్తుల సలహా. వాళ్ళననేదేముంది! రెండేళ్ళ కిందటి దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

గోల్కొండ దగ్గర నయాఖిలాలో ఓ మహావృక్షం ఉంది. హాతియాన్ చెట్టు అంటారు. కాండం ఏనుగుల గుంపంత ఉంటుంది. దాని మీద ఓ వ్యాసం రాద్దామని వెళ్ళాను. చెట్టు చూసి తిరిగి వస్తుంటే పక్కనే పచ్చటి గోల్ఫ్ మైదానం. అక్కడ పరిచయమైన ఓ పెద్దాయన ఆ తర్వాతి ఆదివారం తాను సాధన చేసే చోటికి పిలిచి, చేతికో కర్ర ఇచ్చారు. ఇరవై బంతులు కొట్టాను. పంతొమ్మిది బంతులు గడ్డిలోనే దొర్లాయి. ఇరవయ్యోది మాత్రం... టప్పుమని లేచి, ఆకాశంలో కాసేపు ఆగి, మెల్లగా దిగింది. నా కొంప ముంచింది ఆ ఇరవయ్యోదే!

ఇక్కడో మాట. ఈ ఆటలో ఆడే చోటూ క్లబ్బే, కొట్టే కర్రా క్లబ్బే. గందరగోళం లేకుండా నేను కర్ర అనే రాస్తాను.

కొత్త కర్రలు కొనే స్తోమత లేదు. పాతవి అమ్ముతానన్న ఒకాయన దగ్గర ఇనుప కర్రలు ఎనిమిది, సంచీతో సహా తీసుకున్నాను. ఆయన ఎత్తు ఆరడుగుల పైమాటే. నేను అయిదడుగుల నాలుగంగుళాలు. ఈ తేడా ఆ రోజు నాకు తట్టనే లేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పటి నుంచీ ఏ వస్తువూ నా కొలతకు వచ్చింది కాదు. చెప్పులు ఒక సైజు పెద్దవి. సైకిలు బాబాయిది, పెడల్ అందక కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కేవాణ్ణి. స్కూలు నిక్కరు 'ఎదిగే పిల్లగాడు' కాబట్టి రెండేళ్ళు ముందుగానే కుట్టేవారు. వస్తువుకు తగ్గట్టు మనిషే సర్దుకోవాలని మా ఇళ్ళల్లో ఎవరూ చెప్పక్కర్లేదు, అదే అలవాటవుతుంది. మీ ఇంట్లో కాదంటారా?

అలాగే ఈ కర్రలకూ సర్దుకున్నాను. బంతి ఎప్పుడూ ఎడమకే పోయేది. సరే, కుడివైపు గురిపెట్టి నిలబడటం నేర్చుకున్నా. కర్ర మడమ నేలలో దిగబడేది. సరే, మణికట్టును మెలిపెట్టడం నేర్చుకున్నా. ఏడాదిన్నర గడిచేసరికి మోచేతి లోపలివైపు నొప్పి పట్టుకుంది. టీ గ్లాసు ఎత్తినా కలుక్కుమనేది. డాక్టరు నెల రోజులు ఆట మానమన్నారు. నేర్పే మాస్టారు మాత్రం నా కర్ర చేతిలోకి తీసుకుని, పక్కన నిలబెట్టి, "ముందు కొలతలు తీయించుకో. లేకపోతే ఆట మానెయ్" అన్నారు.

కర్రలకు కొలతలేంటి? నాకూ ఇదే సందేహం వచ్చింది. గోల్ఫ్ కర్ర కింది భాగం నేలను తాకినప్పుడు కాడ కొంత ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలును లై అంటారు. పొట్టివాడు పొడుగువాడి కర్ర పట్టుకుంటే చేతులు కిందికి వస్తాయి, కర్ర కొన పైకి లేస్తుంది, మడమ నేలను గీరుతుంది. ముఖం ఎడమకు తిరుగుతుంది. కుడిచేతివాటం ఆటగాడు ఎంత నిటారుగా కొట్టినా బంతి ఎడమకే! నేను ఏడాదిన్నర నా చేతుల్ని తిట్టుకున్నానే... అందులో సగం తిట్లు ఆ ఉక్కుకు చెందాల్సినవి. లై ఒక్కటే కాదు. కాడ పొడవు, అది ఎంత వంగుతుంది, పట్టు ఎంత లావు అన్నవి కూడా మనిషి మనిషికీ మారతాయి.

సంగతి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అప్పుడే పిల్లవాడి ఫీజు రసీదు పట్టుకుని కూర్చుంది. "కొలత తీయడానికే మూడు వేలా? కర్ర కూడా ఇవ్వరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పైగా నాకే ఓ అనుమానం. మన దేశంలో గొప్ప ఆటగాళ్ళు కొందరు కేడీలుగా, అంటే పెద్దల సంచీలు మోసే కుర్రాళ్ళుగా మొదలైనవాళ్ళే. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ అలా వచ్చినవాడే. 2009లో అదే టోర్నీ గెలిచిన బెంగళూరు మునియప్పా అంతే. వాళ్ళకు మొదట్లో ఎవరు తీశారు కొలతలు? దొరికిన కర్రతో కొట్టారు. మరి నాకెందుకీ దర్జా?

ఆ వారంలోనే నాయిన సిద్దిపేట నుంచి కంటి పరీక్షకు వచ్చాడు. 2023 అక్టోబరులో మా ఊరికి రైలొచ్చినప్పటి నుంచి ఆయనకు బస్సంటే చిన్నచూపు. నాయిన టైలరు. పాత బస్టాండు దగ్గర నలభై ఏళ్ళు మిషను తొక్కాడు. రెడీమేడ్లు వచ్చాక పని సన్నగిల్లింది. నాలుగేళ్ళ కిందట దుకాణం తాళం ఇంటి యజమానికి ఇచ్చేసి, మిషను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. చొక్కా కుట్టుకూలి అరవై రూపాయలు అంటే పది తగ్గించమని అరగంట నిలబడి బేరమాడినవాళ్ళను నేను చిన్నప్పుడు ఎందరినో చూశాను. నాయిన చాలాసార్లు తగ్గించేవాడు కూడా.

కంటి ఆస్పత్రి పని పదకొండుకల్లా అయిపోయింది. కొలతల అపాయింట్‌మెంట్ పన్నెండున్నరకు. ఇంట్లో దింపి రావడానికి టైం లేక ఆయన్నూ వెంట తీసుకెళ్ళాను. ఏసీ గది. ఒక చివర పెద్ద తెర, దాని మీద పచ్చిక బొమ్మ. కొలతలు తీసే కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. "అంకుల్, కూర్చోండి" అని నాయినకు కుర్చీ వేశాడు. నాయిన కూర్చోలేదు.

కుర్రాడు మొదట నా ఎత్తు కొలిచాడు. తర్వాత చేతులు వదులుగా వేలాడేయమని, మణికట్టు నుంచి నేల దాకా టేపు పట్టాడు. ఎడమ చెయ్యి అయ్యాక కుడివైపు వస్తున్నాడు. నాయిన అన్నాడు... "అటు అరంగులం తక్కువొస్తది సూడు."

అరంగుళం తక్కువే వచ్చింది!

కుర్రాడు ఆశ్చర్యంగా చూశాడు. నేను అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాను. "ఆని కుడి బుజం దిగుతది. అయిదో తరగతి నుంచి సూస్తున్న. అంగీ కుట్టినప్పుడల్లా ఆ బుజానికి లోపల ఓ పొర ఎక్కువ ఏస్తుంటి" అన్నాడు నాయిన, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. నాకు తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాయిన కుట్టిన చొక్కాలు మానేసి రెడీమేడ్లలోకి మారాను. ఏ కంపెనీది తొడిగినా కాలరు కుడివైపు జారుతూనే ఉండేది. పదేళ్ళుగా కంపెనీలు మారుస్తూ వచ్చాను.

"చాలామందికి ఉంటుంది సార్, భయపడాల్సిందేమీ లేదు" అన్నాడు కుర్రాడు. ఆ తర్వాత అసలు పని మొదలైంది. నిలబెట్టి తీసిన కొలతలు ఓ అంచనాకేనట. మనిషి కదిలేటప్పుడు కొలత వేరు. నా పాత ఏడో నంబరు కర్రే ఇచ్చాడు. బంతి మీద మార్కరుతో నిలువు గీత గీసి, గీత కర్రకు ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టమన్నాడు. కొట్టాక చూస్తే కర్ర ముఖం మీద సిరా గీత అచ్చుపడింది. నిలువుగా ఉండాల్సింది, పక్కకు ఒరిగిపోయి ఉంది. ఇంత చిన్న ఉపాయం! ఏ యంత్రమూ అక్కర్లేదు. యంత్రం కూడా ఉందనుకోండి. చిన్న పెట్టె లాంటి రాడార్, రోడ్డు మీద పోలీసులు వేగం చూసే దాని బంధువు. పొడవాటి డ్రైవర్‌తో నా కర్ర వేగం గంటకు 84 మైళ్ళని చెప్పింది. పెద్ద టోర్నీలు ఆడే పురుషులది 110 దాటుతుంది. నా దగ్గరున్నవి అలాంటి వేగస్తులకు పనికొచ్చే బిరుసు కాడలు.

నాయిన గోడకానుకుని అన్నీ చూస్తున్నాడు. మధ్యలో ఓసారి నా దగ్గరికొచ్చి, "ఊపిరి బిగబట్టకు. కొల్త తీసేటప్పుడు మంది గిట్లనే పొట్ట లోపలికి గుంజుకుంటరు. ఇంటికి పోయినంక బిగుతైందని కొట్లాటకొస్తరు" అన్నాడు. నిజమే. ఎవరో చూస్తున్నారని నా మామూలు దెబ్బ మానేసి, టీవీలో చూసిన దెబ్బ కొట్టబోతున్నాను. కుర్రాడు నవ్వి, "అంకుల్ కరెక్ట్. మొదటి పది బంతులు నేను లెక్కలోకే తీసుకోను" అన్నాడు.

గంటన్నర తర్వాత లెక్క తేలింది. నాకు మామూలు కంటే అరంగుళం పొట్టి కర్రలు కావాలి. వాలు రెండు డిగ్రీలు తగ్గాలి. కుర్రాడు కంప్యూటర్‌లో ఓ కొత్త సెట్ చూపించాడు. లక్షా పాతిక వేలు. నా మొహం నాకే కనిపించింది ఆ తెరలో.

"గీ పాతయి సరిచేస్తే రాదా బిడ్డా?" అన్నాడు నాయిన.

కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. నా పాత కర్ర ఒకటి తీసి తిప్పి చూశాడు. సుత్తిదెబ్బతో రూపుదిద్దిన మెత్తటి ఉక్కు కాబట్టి వంచవచ్చన్నాడు. పోత పోసిన రకం కొన్ని వంచబోతే విరుగుతాయట. కాడ కోయవచ్చు. కోస్తే తల తేలికైనట్టు అనిపిస్తుంది, సన్నటి సీసం పట్టీ అంటిస్తే సరిపోతుంది. కాడ ఇంకాస్త బిరుసెక్కుతుంది, అదొక్కటీ భరించాలి. పట్టులు కొత్తవి. అన్నీ కలిపి ఏడు వేల ఆరు వందలు. "అడిగితే చెబుతాం సార్, ఎవరూ అడగరు" అన్నాడు మొహమాటంగా. ఆ నిజాయితీకి నేను అతనికి రుణపడ్డాను.

నన్నడిగితే కొలత దండగ కాదు. కొత్త సెట్టే దండగ కావచ్చు. ఈ రెంటినీ కలిపి అమ్మేచోట, కొలత ఉచితం అన్నచోట కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆ ఉచితం ఖరీదు కర్రల్లో కలిసే ఉంటుంది. మొన్ననే మొదలుపెట్టినవాళ్ళకైతే ఇదేమీ వద్దు. దెబ్బ ఇంకా రోజుకో రకంగా ఉన్నప్పుడు దేన్ని కొలుస్తారు? మరీ ఎత్తుకు తేడా ఉన్న కర్ర మాత్రం కొనకుండా ఉంటే చాలు, నాలాగా. ఓ ఆరు నెలలు మాస్టారి దగ్గర నేర్చి, చెయ్యి ఓ దారిన పడ్డాక తీయించుకోవచ్చు. బాబీ జోన్స్ గురించి గోల్ఫ్ వాళ్ళు ఓ కథ చెప్పుకుంటారు. అమెరికాకు చెందిన ఆ మహా ఆటగాడు 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళూ గెలిచాడు. కర్రలన్నీ చేత్తో ఊపి చూసి ఏరుకున్నవే. చాలాకాలం తర్వాత వాటిని తూచి చూస్తే అన్నీ ఒకదానికొకటి సరిపోయాయట, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ తనను ఎప్పుడూ ఇబ్బంది పెట్టేదన్నాడట జోన్స్. అంతటివాడి చేతికి టేపు అక్కర్లేదు. అలీ షేర్‌కూ, మునియప్పకూ అక్కర్లేకపోయి ఉండొచ్చు. వాళ్ళు పొద్దంతా అక్కడే ఉన్నవాళ్ళు. వారానికి ఒక్క ఆదివారం ఆడే నాకు ఆ చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది?

పది రోజులకు కర్రలు తిరిగొచ్చాయి. ఎంతో ఆశగా మొదటి బంతి కొట్టాను. కుడివైపు పోయింది! రెండోదీ కుడికే. కర్ర సరైంది గానీ, ఏడాదిన్నర నేర్చుకున్న మెలిక మణికట్టులోనే ఉండిపోయింది. దాన్ని వదిలించుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు బంతి ఎక్కువసార్లు చూసిన వైపే పోతోంది. పద్దెనిమిది గుంతలకు నూటపన్నెండు దెబ్బలు తీసుకునేవాణ్ణి, నూటమూడుకు దిగాను. ఆ తొమ్మిదిలో కొలతల వాటా ఎంతో, సాధన వాటా ఎంతో పంచి చెప్పడం నా వల్ల కాదు. టీ గ్లాసు మాత్రం హాయిగా ఎత్తుతున్నాను. ఈ మాట ఒక్కటే మా ఆవిడ లెక్కలో నిలిచింది.

మొన్న దసరాకు ఊరెళ్ళినప్పుడు చొక్కా గుడ్డ ఒకటి తీసుకెళ్ళాను. నాయిన మిషను మీద కప్పిన దుప్పటి తీసి, టేపు మెడలో వేసుకున్నాడు. ఛాతీ కొలిచాడు, చెయ్యి కొలిచాడు. భుజం కొలవలేదు. సుద్దతో గుడ్డ మీద గీస్తూ గీస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"అవ్ గని, ఆ పిల్లగాడు అంత పనికి మొత్తం ఎంత దీస్కున్నడు?"

కొలతకు మూడు వేలు, సరిచేసినందుకు ఏడు వేల ఆరు వందలు. మొత్తం పదివేల ఆరు వందలని చెప్పాను. అరుస్తాడనుకున్నాను. సుద్ద ఊది పక్కన పెట్టి, కత్తెర అందుకున్నాడు.

"తక్కువనే" అన్నాడు.