తొమ్మిదో ఇన్నింగ్సు



మొన్న రాఖీ పున్నమికి మార్కండేయుని రథం ముందట నడిచి ఇంటికొచ్చినంక, పిల్లల ఫోన్ల ఒక పాత ఆట కనపడ్డది. 1983ల నింటెండో వాళ్లు తెచ్చిన ‘బేస్‌బాల్’. చూడంగనే మేము ముగ్గురం తమ్ముళ్లం పెద్దన్న దిక్కు చూసినం.

సోలాపూర్ల మా ఈడు వాళ్లకు యాదుంటది. టీవీకి తగిలించే నకిలీ వీడియో గేము, ఒక్క క్యాసెట్ల బోలెడు ఆటలు. క్యాసెట్ పనిచెయ్యకుంటే నోటితో ఊదుడు. క్రికెట్ తప్ప ఏం తెల్వని మాకు ఆడుకుంటనే ఈ ఆట అర్థమైంది. మూడు స్ట్రయికులు పడితే ఔట్, నాలుగు బాల్స్ పడితే ఊకెనే ఫస్ట్ బేస్, ముగ్గురు ఔటైతే వంతు మారుతది. ఫీల్డర్లు వాళ్లంతట వాళ్లే ఉరుకుతరు, బంతి ఏ బేస్‌కు ఇసరాల్నో మనం చెప్పాలె. ఓవర్లు అయిపోయినయని ఆట ముగియదు. చివరి ఔట్ పడేదాంక ఎవ్వడూ ఓడినట్టు కాదు.

ఆ ఏడాది నాయినకు దమ్ము ఎక్కువై సాంచెల మీద నిలవడలేకపోయిండు. తెల్లారి నుంచి పెద్దన్న బడి మాని కార్ఖానకు పోవాలె. ఆ రాత్రి ఆఖరి ఆట. తొమ్మిదో ఇన్నింగ్సు, 3–3, ఇద్దరు ఔట్, థర్డ్ బేస్ మీద మనిషి. రెండు స్ట్రయికులు, మూడు బాల్స్. బ్యాటు పెద్దన్నది. పక్కింటి సాంచెల చప్పుడు ఒక్కసారి ఆగింది. కరెంటు పోయింది.

ఆ ఆటను దాచిపెట్టుకునే వీలు లేదు. పెద్దన్న వైరు చుట్టి డబ్బాల పెట్టి, “రేపు ఆడుదాం తియ్యిరా” అన్నడు. ఆ రేపు మళ్ల రాలె. ఆయన టవళ్లు నేసిన పైసలతోనే మేము ముగ్గురం చదువుకున్నం. ఆ మాట ఆయన ముందర ఎన్నడూ అనలె.

మొన్న ఫోన్ ఆయన చేతుల పెట్టినం. కండ్లద్దాలు సదురుకొని, “కరెంటు పోదు గద?” అన్నడు. తొమ్మిదో ఇన్నింగ్సు దాంక ఆడిండు. ఆఖరికి మూడో స్ట్రయికు పడి ఓడిపోయిండు.

“పోనీ తియ్యి, ఆటైతే అయిపోయింది గద” అని నవ్విండు. మాకే నవ్వు రాలె. అప్పుడు చెప్పినం, ఇన్నేండ్లు చెప్పని మాట.

మన ఇండ్లల్ల ఆట నడుమ లేచిపోయిన అన్నో అక్కో ఒకరుంటరు. ఈ పండుగకు వాళ్ల పక్కన జరసేపు కూసోండ్రి.