ముప్పై ఆరుగురు ఇంద్రులు

మా మేనకోడలు సెలవులకు నందిగామ వస్తే చాలు, రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌లో 'డాక్టర్ హూ' పెడుతుంది. నేనూ పక్కన చేరతాను. అందులో ఒక నీలం పోలీసు డబ్బా ఉంటుంది. బయటి నుంచి చూస్తే ఇద్దరు మనుషులు ఇరుక్కుని నిలబడేంత, లోపలికి వెళితే ఎంత నడిచినా తరగనంత. కాలంలో ముందుకీ వెనక్కీ పోయే ఓడ అది. దాన్ని నడిపే డాక్టర్ మన భూమివాడు కాడు. గాలిఫ్రే అనే గ్రహం వాడు, టైమ్ లార్డ్స్ అనే జాతివాడు. వాళ్లకు రెండు గుండెలు. ప్రాణం పోయే వేళకు ఒళ్లంతా మారిపోయి, కొత్త మొహంతో లేచి కూర్చుంటారు.

ఈ మొహం మారడం వెనక ఒక ముసలాయన కష్టం ఉంది. 1963 నవంబరు 23న బీబీసీలో ఈ ధారావాహిక మొదలైంది. మొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. డాక్టర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్‌కు మూడేళ్లకే ఆరోగ్యం దెబ్బతింది. కథ ఆపడం ఇష్టంలేక, 1966లో ఆయన స్థానంలో పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చి, మనిషి అతనే, ఒళ్లు మారిందన్నారు. ఒక నటుడి అనారోగ్యమే తర్వాత్తర్వాత ఒక జాతి మొత్తానికి పుట్టుగుణమైంది. నాకు ఈ సంగతి కథకన్నా ఎక్కువ నచ్చుతుంది.

మన ఇంద్రుడిది సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ మనిషి ఒకడే, మొహాలు మారతాయి. ఇక్కడ సింహాసనం ఒకటే, మనుషులు మారతారు. మన్వంతరానికొక ఇంద్రుడు. మరి ఆ ఇంద్రులందర్నీ పక్కన కూర్చుని చూసినవాడు ఎవడైనా ఉంటే?

ఉన్నాడు. అతని బొమ్మ దొరికింది మా పేటలోనే.

జగ్గయ్యపేట దగ్గర ధనబోడు అనే గుట్ట ఉంది. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ అక్కడి బౌద్ధ స్తూపాన్ని పరిశీలించాడు. అక్కడ దొరికిన సున్నపురాతి పలక ఒకటి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి పని. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడ్డాడు. పైన మబ్బు, ఆ మబ్బులోంచి నలుపలకల నాణేలు కురుస్తున్నాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి. పండితులు చాలామంది అతన్ని మాంధాత అన్నారు. ధనం కురిపించే రాజు ధనబోడులో దొరకడం చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జాతక కథలో మాంధాత బాల్యం 84,000 ఏళ్లు, యువరాజుగా మరో 84,000, రాజుగా ఇంకో 84,000. చేతులు చరిస్తే మోకాటిలోతు రత్నాలు కురిసేవి. అయినా తనివి తీరక స్వర్గానికి వెళ్లాడు. ఇంద్రుడు లేచి ఎదురొచ్చి సగం రాజ్యం ఇచ్చాడు. ఆ ఇంద్రుడు పోయాడు, తర్వాతివాడు పోయాడు, అలా ముప్పై ఆరుగురు మారిపోయారు. ఇతను మాత్రం మనిషి ఒంటితోనే కూర్చున్నాడు. భాగవతంలో రైవతుడు కూతురి పెళ్లి మాట అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, కాసేపు పాట విని వచ్చేసరికి కింద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. అతనిది ఏమరుపాటు. మాంధాత అన్నీ చూస్తూనే ఉన్నాడు. టైమ్ లార్డ్స్‌కు అసలు చుట్టం ఇతనే.

టైమ్ లార్డ్స్‌ చేసేదీ అదే, చూడటం. ఎవరి బతుకులోనూ వేలుపెట్టకూడదన్నది వాళ్ల కట్టడి. 1969లో వచ్చిన 'ది వార్ గేమ్స్' కథలో ఆ జాతి పేరు మొదటిసారి వినిపించింది, ఆ కథలోనే డాక్టర్‌ను బోనులో నిలబెట్టారు. నేరం, ఆపదలో ఉన్నవాళ్ల కోసం అడ్డం పడటం. శిక్ష, భూమ్మీద ప్రవాసం.

మా పిల్ల అక్కడ ఆపింది. "భూమ్మీద ఉండటం శిక్ష ఎట్లా అవుతుంది మామయ్యా?"

మర్నాడు ధనబోడు చూద్దామని ఇద్దరం పేట బస్సెక్కాం. చిల్లకల్లు అడ్డరోడ్డు దాకా మాంధాత కథ, అది దాటాక ఆమెకు అక్కడి శాసనం ఒకదాని సంగతి చెప్పాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలన 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి ఆ స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు, అంటే స్తూపం వేదిక మీద నిలిపే స్తంభాలు, ఇచ్చి, తన పేరూ తండ్రి పేరూ రాయించుకున్నాడు. ఆ రాజవంశం పోయింది, ఊరి పేరు కూడా మారింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన ఊరిది. శిల్పి పేరు మాత్రం రాతిమీద అట్లాగే ఉంది.

"మాంధాత ఏమయ్యాడు?" అంది.

సగం చాలదనుకున్నాడు. ఇంద్రుణ్ణి చంపి మొత్తం తీసుకుందామనుకున్న క్షణానే ముసలితనం మీదపడింది. స్వర్గంలో మనిషి ఒళ్లు రాలకూడదు. జారి తన పాత తోటలోనే పడ్డాడు. మొదట గుర్తుపట్టింది తోటమాలి. అతను పరుగెత్తి రాజుగారి ఇంటివాళ్లకు చెబితే, వాళ్లొచ్చి ఆ చెట్లకిందే పడక వేశారు.