గట్టిమేళం

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు రాయడం రైల్వేలో చేరాక సొంతంగా నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

రిటైరయ్యాక ఏం చేస్తున్నావని నగర్తపేటలో కనబడిన వాళ్లంతా అడుగుతున్నారు. చెబితే నవ్వుతారు. వీడియో గేములకు సంగీతం కట్టడం నేర్చుకుంటున్నాను.

పదకొండో క్లాసు చదివే మా మనవడు కంప్యూటర్లో ఒక గేమ్ చేస్తున్నాడు. కరగ రాత్రి పేట సందుల్లో తప్పిపోయిన పిల్లవాడు, చేతిలో దీపం ఆరిపోకుండా ధర్మరాయస్వామి గుడికి చేరాలి. "తాతా, మ్యూజిక్ నువ్వే చెయ్యి" అన్నాడు. అంతవరకు మా ఇద్దరికీ "తిన్నావా", "పడుకో" తప్ప వేరే మాటలు లేవు. అందుకే కాదనలేకపోయాను. ఎస్.పి. రోడ్డులో కంప్యూటరుకు తగిలించే పాత కీబోర్డు కొన్నాను. ఎల్.ఎం.ఎం.ఎస్. అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. వాడే నేర్పాడు.

నెల రోజులు కూర్చుని మోహన రాగంలో మూడు నిమిషాల పాట కట్టాను. వాడు విని "బాగుంది తాతా, కానీ పనికిరాదు" అన్నాడు. ఆడేవాడు రెండు నిమిషాల్లో గుడి చేరవచ్చు, ఇరవై నిమిషాలు తిరగవచ్చు. పాట ముగిసిపోతే ఎలా? చిన్న ముక్క కట్టాలి, అది తిరిగి తిరిగి రావాలి. దాన్నే లూప్ అంటారు.

ఆదితాళం నాలుగు ఆవర్తాలు, నిమిషానికి 120 దెబ్బల వేగంలో, సరిగ్గా 16 సెకన్లు. పది నిమిషాలు ఆడితే 37 సార్లు వినబడుతుంది. గొప్పగా ఉందనుకుని నేను వేసిన సంగతే మూడోసారికి విసుగు పుట్టించింది. తీసేశాను. కొసా మొదలూ కలిసేచోట టక్కుమనేది. చివరి స్వరం మోత తెగిపోవడం వల్ల అది. ఆ మోతను తెచ్చి మొదట్లో కలిపితే అతుకు తెలియదు. ఎంక్వైరీ కౌంటర్లో ఒకే జవాబు రోజంతా విసుక్కోకుండా చెప్పినవాణ్ణి, ఈ పని నాకు నచ్చింది.

దీపం కొడిగట్టినప్పుడు మాత్రం సంగీతం వెంటనే మారాలట. 1978లో వచ్చిన స్పేస్ ఇన్‌వేడర్స్ చూపించాడు. నాలుగే స్వరాలు. శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, ఆడేవాడి గుండె అదురుతుంది. అది వింటుంటే మా నాయన గుర్తుకొచ్చాడు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా నాయన జోలార్‌పేట చుట్టుపక్కల పెళ్లిళ్లలో డోలు వాయించేవాడు. బళ్లో పిల్లలు నన్ను చూసి బెంచీ మీద దరువు వేసి నవ్వేవాళ్లు. నేర్చుకోరా అని నాయన రెండుసార్లు పిలిచాడు. పరీక్షలున్నాయన్నాను. ఉద్యోగంలో చేరాక, మీ నాయన ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయం అన్నాను. మాకు సెంటు భూమి లేదు.

పెళ్లిలో మంత్రం ఎప్పుడు ముగుస్తుందో మేళగాళ్లకు తెలియదు. అంతసేపూ ఏదో ఒకటి నడుపుతూనే ఉండాలి. నాయన కళ్లు పురోహితుడి చేతి మీదే ఉండేవి. చెయ్యి లేచిందంటే, వాయిస్తున్నది ఎక్కడుంటే అక్కడ వదిలి గట్టిమేళం. తాళి కట్టే సమయంలో తుమ్ము గానీ చెడుమాట గానీ చెవిన పడకూడదని. మనవడు కంప్యూటర్‌తో చేయిస్తున్నది ఇదే. నాయన కంటిచూపుతో చేశాడు.

పాట మళ్లీ కట్టాను. శృతి, డోలు, నాదస్వరం మూడూ ఒకేసారి నడుస్తుంటాయి. మామూలుగా శృతి ఒక్కటే వినబడుతుంది. దీపం తగ్గితే డోలు పైకొస్తుంది. గుడి వాకిట నాదస్వరంతో గట్టిమేళం. డోలు కోసం వంటింట్లో బియ్యం డబ్బా మీద నాయన దరువు వాయించి ఫోన్లో రికార్డు చేశాను. నడుమ నాలుగు దెబ్బలు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ చోటు ఖాళీగానే వదిలాను.

"ఇదెక్కడ నేర్చుకున్నావు తాతా?" అన్నాడు మనవడు.

"మా నాయన దగ్గర" అన్నాను. ఆ రాత్రి వాడికి అంతా చెప్పాను, వ్యవసాయం అన్న అబద్ధంతో సహా.

సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్లలో పాత పెళ్లి క్యాసెట్లు ఉంటే పారెయ్యకండి. జోలార్‌పేట, తిరుపత్తూరు వైపు పెళ్లిళ్లవైతే తప్పకుండా నాకు చెప్పండి, నేనే వచ్చి విని తిరిగి ఇచ్చేస్తాను. నాకు కావలసింది నాలుగు దెబ్బలే.