తిన్నింటి వాసాలు

ఈమధ్య ఇంగ్లండు పల్లెల్లోని పాత ఇటుక ఇళ్ళను గురించి చదివాను. అక్కడి రైతుల ఇళ్ళలో కొన్ని పెద్ద పొగగొట్టాన్ని నడుమ నిలుపుకొని, దాని చుట్టూ గదులు కట్టుకున్నవి. చలిదేశం కనుక ఇంటికి నిప్పే ప్రాణం. 1784లో అక్కడి ప్రభుత్వం ఇటుకలను లెక్కగట్టి పన్ను వేయగా, కొందరు ఇటుక పరిమాణాన్నే పెంచి లెక్క తగ్గించుకున్నారట. 1850 దాకా ఆ పన్ను సాగింది. చదువుతూ ఉంటే మా పాత ఇల్లు మనసులో మెదిలింది.

ఒకప్పుడు కరీంనగరం జిల్లాలో ఉండి, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన హుస్నాబాదు మాది. మా ఇంటి నడుమ ఆకాశం ఉండేది. అటువంటి దానిని మావైపు భవంతి ఇల్లు అంటారు. కోస్తా మిత్రులకు మండువా లోగిలి అంటే తెలుస్తుంది. నాలుగు వైపుల నుండి వాననీరు నడిమి బండల మీద పడి, తూము గుండా బయటికి పోయేది. వేసవిలో వేడిగాలికి పైకి పోయే దారి అదే. మూరెడు మించిన మట్టిగోడలు పగటి ఎండను లోపలికి రానిచ్చేవి కావు. పైన టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన గూనపెంకలు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి కాల్చిన పెంకలవి. ఒక వరుస వెల్లకిల, దాని మీద మరొక వరుస బోర్లా పేర్చేవారు. చిన్ననాడు జ్వరంతో పడుకొని, ఆ వాసాలను చూస్తూనే నేను ఒంట్లు నేర్చుకున్నాను.

ఏటా మృగశిర కార్తెకు ముందే పెంకలు సర్దించవలసి ఉండేది. రానురాను ఆ పని తెలిసినవారు దొరకలేదు. కోతులు మాత్రం రోజూ వచ్చేవి. ఒక వానకాలమంతా నా భార్య అర్రర్రకూ గిన్నెలు పెట్టి, చివరకు "ఇగ నాతోని కాదు" అన్నది. ఆమె మాటలో తప్పు లేదు.

కలప కొనడానికి వచ్చినతడు గడపలో నిలబడి, "వాసాలు ఎన్నుంటయి సారూ?" అని అడిగాడు. నేను చెయ్యెత్తి లెక్కపెట్టసాగాను. ముప్పైనాలుగు దాకా వచ్చి ఆగిపోయాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ముప్పై ఏళ్ళు తరగతి గదిలో అర్థం చెప్పినవాణ్ణి నేను. మిగిలినవి అతడే లెక్కించుకున్నాడు.

ఇప్పుడున్న స్లాబు ఇల్లు కురవదు. నా భార్య కంటినిండా నిద్రపోతున్నది. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. కాని మొన్న మా మనుమరాలు పాఠం చదువుతూ, "తాతా, వాసమంటే ఏంది?" అని అడిగింది. జాతీయానికి అర్థం చెప్పగలిగాను. వాసాన్ని చూపిద్దామని తలెత్తితే పైన సున్నం వేసిన స్లాబు తప్ప మరేమీ లేదు.

మిత్రులారా, మీ ఊళ్ళో ఇంటి భాగాలకు వాడే పేర్లు మీకు గుర్తుంటే రాసి ఉంచండి. వీలైతే, ఇల్లు నిలిచి ఉండగానే రాయండి.