ఒకటా, రెండా, సున్నానా?

ఆఫీసులో ఎవరైనా "వీకెండ్ ప్లాన్ ఏంటి?" అంటే "ఊరెళ్లి గుర్రానికి గడ్డి వెయ్యాలి" అనేవాణ్ణి. జోక్ అనుకుని నవ్వేవాళ్లు. ఫోన్లో ఫొటో చూపిస్తే మాత్రం "ఎంత పడింది బ్రో?" అని అడిగేవాళ్లు, కారు గురించి అడిగినట్టే.

రాణిని 2021లో కొన్నాను. కొవిడ్‌తో బరాత్‌లు ఆగిపోయి, పెళ్లిళ్లకు గుర్రాలు తిప్పే ఒకాయన దాణా ఖర్చు మొయ్యలేక అమ్మకానికి పెట్టాడు. తెల్ల గుర్రం. పళ్లు చూసి ఎనిమిదేళ్లు ఉండొచ్చన్నారు. నేనప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్‌లో, వికారాబాద్ దగ్గర మా ఊళ్లోనే ఉన్నాను. కొట్టం పక్కన టేబుల్ వేసుకుని కాల్స్ మాట్లాడుతుంటే మధ్యలో తల ఊపుతూ స్క్రీన్‌లోకి వచ్చేది. రెండు బర్రెలు కూడా ఉండేవి. గుర్రాన్ని పెంచడం ఇంత తేలికా అనిపించింది.

తర్వాత కంపెనీ ఆఫీసుకు రమ్మంది, హైదరాబాద్ వచ్చేశాను. మోకాళ్ల నొప్పులతో పాలు పిండలేక నాయిన బర్రెల్ని అమ్మేశాడు. కొట్టంలో రాణి ఒక్కతే మిగిలింది.

శనివారాలు వెళ్లేసరికి కంచె వెంబడి కొత్తగా ఒక బాట పడి ఉండేది. అటూ ఇటూ అదే తిరుగుడు. కొట్టం గుంజను కొరికి కొరికి సన్నగా చేసింది. నా బండి చప్పుడు వింటే చాలు, సకిలించేది. నేనంటే ఎంత ప్రేమో అని మురిసిపోయి స్టేటస్ కూడా పెట్టాను.

అసలు సంగతి పట్టుకున్నది నాయిన. "దీని పక్కకు మట్టి అంటుత లేదు, చూసినవా? తెల్ల గుర్రం, పండుకుంటే తెలుస్తది. ఇది పండుకుంట లేదు రా."

గుర్రాలు నిలబడే నిద్రపోతాయంటారు. సగమే నిజం. కాళ్లను కదలకుండా బిగించుకుని కునుకు తీస్తాయి గానీ, కలలొచ్చే నిద్ర కావాలంటే నేల మీద పడుకోవాల్సిందే, రోజుకు అరగంటైనా. మందలో ఒకటి కాపలా నిలబడితే మిగతావి పడుకుంటాయి. మరి ఒంటరి గుర్రానికి కాపలా ఎవరు? పశువుల డాక్టర్ కూడా చూసి, జబ్బేం లేదు, జత లేదు అన్నాడు. ఆ రాత్రి గూగుల్ చేస్తే తెలిసింది: స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి దీనికో రూలే ఉంది. గుర్రానికి దాని జాతి జంతువు ఇంకోటి కనిపించాలి, వినిపించాలి, వాసన తగలాలి. ఫోన్లో నా పెళ్లి గుర్రం ఫొటోలు స్క్రోల్ చేస్తూ ఉండిపోయాను.

ముందు ఒక మేకను తెచ్చాం. తోడుగా మేకను ఉంచడం చాలాచోట్ల ఉన్నదే. రాణికి నచ్చింది కూడా. కానీ మా ఇంట్లో మేక దసరా దాకే ఉంటుంది.

ఇక రెండో గుర్రం. ఎక్సెల్ తెరిచాను. మూడు వందల యాభై కిలోల గుర్రం బరువులో రెండు శాతం లెక్కన తింటుంది, అంటే రోజుకు ఏడు కిలోల ఎండుగడ్డి, నెలకు రెండు క్వింటాళ్ల పైనే. శనగలు, తవుడు వేరే. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి నాల్ కొట్టే ఆయన పాతబస్తీ నుంచి రావాలి. ఆయన రానూపోనూ ఛార్జీ ఒక గుర్రానికైనా రెండింటికైనా ఒకటే! రెండో గుర్రంతో ఖర్చు సరిగ్గా రెట్టింపు కాదన్నమాట. ఆ ఒక్క సెల్ చూసుకుని ఎంత సంతోషమో. ఒక ఎర్ర గుర్రాన్ని చూసొచ్చి, బేరం కూడా మొదలుపెట్టాను.

అప్పుడే జనవరిలో రాణికి కడుపునొప్పి వచ్చింది. గుర్రానికి వాంతి రాదు, కడుపులో ఏదైనా ఆగితే ప్రాణం మీదికే. రాత్రి రెండింటికి ఫోన్. డాక్టర్ ఊరు చేరేదాకా, నేను చేరేదాకా, ఆ చలిలో నాయిన దాన్ని పట్టుకుని నడిపిస్తూనే ఉన్నాడు. ఆ మోకాళ్లతో. తెల్లారి లద్ది వేశాక గానీ ఇద్దరం కూర్చోలేదు.

నా షీట్‌లో గడ్డికి ఒక వరుస ఉంది, మందులకు ఒక వరుస ఉంది. నాయినకు లేదు.

"ఇంకోటి తెద్దామనుకుంటున్నా నాయినా" అన్నాను, అప్పటికీ. ఆయన వద్దనలేదు. తన ఎడ్ల సంగతి చెప్పాడు. జోడెడ్లలో ఒకటి పాము కరిచి పోతే, రెండోది పది రోజులు మేత సరిగ్గా ముట్టలేదట. "దానికి జత తేను పైసల్లేవు. అంగట్ల అమ్మిన. కొన్నాయన కొట్టంల ఇంకో ఎద్దున్నది, అది చూసినంకనే ఇచ్చిన."

తిరుగు దారిలో బండి మీద లెక్క వేసుకున్నాను. గుర్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు కూడా బతుకుతుంది. రెండు కొంటే, ఒకటి పోయిన రోజు మళ్లీ ఒకటే మిగులుతుంది. అప్పుడు మూడోది కొనాలి. బేస్ కేస్ లేని రికర్షన్. పైగా ఆ కోడ్ రన్ అయ్యేది నాయిన మీద.

సిటీ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్ ఉంది. తొమ్మిది గుర్రాలు, విశాలమైన మైదానం. ఓనర్‌తో రెండే మాటలు: బరాత్‌లకు పంపొద్దు, నాకు చెప్పకుండా అమ్మొద్దు. కాగితం మీద రాయించుకున్నాను. గ్లాండర్స్ లేదని రక్త పరీక్ష రిపోర్ట్ వచ్చాక తీసుకెళ్లాం. ఆ జబ్బు మిగతా గుర్రాలకే కాదు, మనుషులకూ అంటుకుంటుంది.

మొదటి రోజు ఘోరం. కంచె అవతల నుంచి వాసన చూసుకున్నంతసేపు బాగానే ఉంది. లోపలికి వదలగానే ఒక ముసలి గుర్రం రాణి మెడ కొరికింది. వెనక్కి తెచ్చేద్దామని ట్రాలీ డ్రైవర్‌ని ఆపాను. "వాటి సీనియారిటీ అవి తేల్చుకుంటాయి, మీరు వెళ్లండి" అన్నాడు ఓనర్. కొట్టంలో కళ్లెం ఒక్కటీ మేకుకు వేలాడుతోందని నాయిన ఆ సాయంత్రం ఫోన్‌లో చెప్పాడు. ఇంకేం మాట్లాడలేదు.

నాలుగో ఆదివారం వెళ్లాను. బండి చప్పుడుకు తల ఎత్తలేదు. పేరు పెట్టి పిలిస్తే చెవి ఒకటి ఇటు తిప్పి మళ్లీ గడ్డిలో పడింది. కొంచెం కష్టంగానే అనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే భుజం నుంచి తొడ దాకా, ఎడమ పక్కంతా ఎర్రమట్టి. దులపకుండా అలాగే ఫొటో తీసి నాయినకు పంపాను.